కార్డు వచ్చింది సరే, పిల్లవాడు వచ్చాడా?

బార్‌కోడ్ హాజరు, కార్డు తలుపు: ఒక ఏడాది వాడి చూశాక సమీక్ష



పోయిన విద్యాసంవత్సరం మన బడిలో హాజరుపట్టీ పక్కన పెట్టి బార్‌కోడ్ స్కానర్ తెచ్చుకున్న సంగతి మీకు తెలిసిందే. ప్రతి పిల్లవాడి మెడలో ఒక కార్డు, గుమ్మం దగ్గర బల్ల మీద ఒక స్కానర్, దాని పక్కన ఒక లాప్‌టాప్. కార్డు చూపిస్తే 'బీప్' అంటుంది, తెర మీద పేరు పక్కన ఆకుపచ్చ రంగు పడుతుంది. జనవరి నుంచి భవనం వాళ్ళ అనుమతి తీసుకుని, పక్క తలుపుకి కూడా అదే కార్డుతో తెరుచుకునే తాళం ప్రయోగంగా పెట్టాం.

ఈ ఏడాది ఇదే కొనసాగిస్తారా అని చాలామంది తల్లిదండ్రులు అడుగుతున్నారు. టెక్సాస్‌లోనే వేరే ఊళ్ళలో కొత్తగా తెలుగు బడి మొదలుపెట్టినవాళ్ళు "మీరు ఏ స్కానర్ వాడుతున్నారండీ, ఎంతయింది?" అని ఫోన్లు చేస్తున్నారు. అందరికీ ఒకేచోట జవాబు చెబుదామని ఇది రాస్తున్నాను. స్కానర్ కావాలని కమిటీలో చేయెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి, ఇందులో తప్పులు కనిపిస్తే వాటిలో నా వాటా కూడా ఉందని అనుకుని చదవండి.

ముందే ముక్తసరిగా చెప్పేస్తాను. లెక్క రాసే పని స్కానర్‌కి ఇవ్వండి. పేరు పిలిచే పని టీచర్ దగ్గరే ఉంచండి. తలుపు దగ్గర మనిషిని పెట్టండి. ఎందుకంటున్నానో కిందంతా చదివితే తెలుస్తుంది.

స్కానర్‌కి ఏం తెలుసు

బార్‌కోడ్ పుట్టింది సరుకుల కోసం. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్ళో, మార్ష్ సూపర్‌మార్కెట్‌లో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌ని మొదటిసారి కౌంటర్ దగ్గర స్కాన్ చేశారు. అది మొదలు ఉప్పు ప్యాకెట్ నుంచి ఉద్యోగి కార్డు దాకా అన్నింటి మీదా ఆ గీతలు వచ్చేశాయి. సరుకు విషయంలో ఇది చాలా నమ్మకమైన పద్ధతి. పప్పు ప్యాకెట్‌ని స్కాన్ చేసి బల్ల మీద పెడితే అది అక్కడే ఉంటుంది. పిల్లలు అలా ఉండరు కదా.

మన దగ్గరున్నలాంటి మామూలు స్కానర్ చేసే పని చాలా చిన్నది. కంప్యూటర్ దృష్టిలో అది ఒక కీబోర్డు. కార్డు మీద గీతల్లో ఉన్న అంకెల్ని చదివి, మనం టైప్ చేసినట్టే టైప్ చేసి, చివర్న ఎంటర్ కొడుతుంది. అంతే. ఆ అంకె ఏ పిల్లవాడిదో చెప్పేది మన దగ్గరున్న జాబితా. ఈ ఒక్క సంగతి అర్థమైతే పోయిన ఏడాది మనం పడ్డ తిప్పల్లో సగం ఎందుకొచ్చాయో తెలిసిపోతుంది.

కర్సర్ వేరే గడిలో ఉంటే అంకెలన్నీ అక్కడికి పోతాయి. సెప్టెంబర్‌లో ఒక ఆదివారం ఒకటో స్థాయి హాజరంతా తల్లిదండ్రుల ఫోన్ నంబర్ల వరసలో పడింది ఇలాగే. సున్నాతో మొదలయ్యే నంబర్లు ఇస్తే స్ప్రెడ్‌షీటు ముందున్న సున్నాల్ని మింగేస్తుంది. 0042 కాస్తా 42 అయి, జాబితాలో దొరకదు. నంబర్లు 1001 నుంచి మొదలుపెడితే ఈ బాధ ఉండదు. కార్డుకి మెరిసే లామినేషన్ చేయిస్తే ట్యూబ్‌లైటు వెలుగు పడి స్కానర్ చదవదు. గీతలకి అటూ ఇటూ తెల్లటి ఖాళీ ఉండాలి, అందంగా ఉంటుందని అక్కడిదాకా ముగ్గు బొమ్మలు వేయకూడదు. కార్డు మర్చిపోయిన పిల్లలకి నాన్న ఫోన్‌లో ఫోటో ఉంటుంది కానీ, లేజర్ రకం స్కానర్లు ఫోన్ తెర మీది గీతల్ని సరిగా చదవలేవు. దానికి కెమెరా రకం స్కానర్ కావాలి. ఇవన్నీ సర్దుకునే ఇబ్బందులే, డిసెంబర్‌కల్లా సర్దుకున్నాం కూడా.

ఒకటి మాత్రం సర్దుకోలేదు. ఈ గీతల్లో తెలుగు అక్షరం పట్టదు. అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే పడతాయి. తెర మీద కనిపించే పేరు కూడా మనం నమోదు ఫారం నుంచి ఎత్తిరాసిందే, అదీ ఇంగ్లీషులో. మన పిల్లల్లో చాలామందికి కాగితాల మీద మొదటి పేరు 'వెంకట'. గడిలో పట్టినంతవరకే చూపించే ఆ తెర మీద మూడో స్థాయిలో ఒకరి కింద ఒకరు నలుగురు వెంకటలు కనిపించారు. వాళ్ళలో ఒకడు సాయి, ఒకడు కార్తీక్, ఒకడు నిహాల్, నాలుగో ఆవిడ శ్రీవల్లి. ఇంట్లో ఎవరూ వాళ్ళని వెంకట అని పిలవరు. హాజరుపట్టీలో టీచర్ ఆ పేర్లని తెలుగులో, పిలిచే పేరుతో రాసుకునేవారు.

ఆ ఆదివారం ఏం జరిగిందంటే

అక్టోబర్‌లో ఒక ఆదివారం. రెండో స్థాయిలో పద్నాలుగు మంది. తెర మీద పద్నాలుగూ ఆకుపచ్చ. టీచర్ పాఠం మొదలుపెట్టారు. ఇరవై నిమిషాల తర్వాత ఒకతల్లి మెల్లిగా తలుపు తీసి, "మా బాబు వాటర్ బాటిల్ కారులో మర్చిపోయాడండీ, ఇద్దామని వచ్చాను" అంది. తరగతిలో ఆ బాబు లేడు.

కార్డు స్కాన్ చేసి లోపలికి వచ్చినవాడు, బాటిల్ గుర్తొచ్చి మళ్ళీ పార్కింగ్‌లోకి పరుగెత్తాడు. అప్పటికి వాళ్ళమ్మ కారు ఇంకో వరసలోకి మార్చింది. ఏడేళ్ళవాడు, కార్ల మధ్య తిరిగి తిరిగి, దారి తప్పి భవనం వెనక మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. రెండు నిమిషాల్లో దొరికాడు, ఏమీ కాలేదు. కానీ ఆ ఇరవై నిమిషాలూ మన రికార్డు ప్రకారం ఆ బాబు తరగతిలో కూర్చుని ఒత్తులు నేర్చుకుంటున్నాడు.

ఇందులో టీచర్ తప్పు లేదు. హాజరు పని నీది కాదు, యంత్రం చూసుకుంటుంది అని ఆవిడకి చెప్పింది మనమే. కిందటేడు ఇదే టీచర్ పేర్లు పిలిచేటప్పుడు, పలకని పేరు దగ్గర ఆగి తలెత్తి చూసేవారు. తలెత్తి చూడటమే అసలు హాజరు. స్కానర్ వచ్చాక ఆ చూపు తెర మీదికి పోయింది. తెరేమో కార్డుల సంగతి చెబుతోంది, పిల్లల సంగతి కాదు.

ఇదే తప్పు తిరగేసి కూడా జరిగింది. మన ప్రోగ్రాం మొదటి బీప్‌ని 'లోపలికి', రెండో బీప్‌ని 'బయటికి' అని రాసుకుంటుంది. బీప్ వినపడలేదని ఒకమ్మాయి రెండుసార్లు చూపించింది. తరగతిలో ముందు బెంచీలో కూర్చుని ఉండగానే వాళ్ళ నాన్నగారి ఫోన్‌కి 'మీ అమ్మాయి బడి నుంచి వెళ్ళిపోయింది' అని సందేశం వెళ్ళింది. ఆయన పదిహేను మైళ్ళ దూరం నుంచి ఎలా వచ్చి ఉంటారో మీరే ఊహించుకోండి.

పేరు పిలవడంలో ఉన్న పాఠం

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది ముఖ్యంగా టీచర్ల కోసం.

మనలో చాలామందిమి తెలుగు నేల మీద బడికి వెళ్ళినప్పుడు హాజరు పలికింది ఎలా? "ప్రెజెంట్ సార్", "ఎస్ టీచర్" అని. తెలుగు మీడియంలో చదివి కూడా ఇంగ్లీషులోనే పలికాం. అక్కడ అలా పలికినా పోయేదేమీ లేదు, మిగతా రోజంతా చుట్టూ తెలుగే. ఇక్కడ మన పిల్లలకి వారమంతా చుట్టూ ఇంగ్లీషే. తొంభై నిమిషాల తరగతి, ఏడాదికి ముప్ఫై ఆదివారాలు, అంటే మొత్తం నలభై అయిదు గంటలు. అందులో ప్రతి పిల్లవాడూ ఒక్కడుగా, తన నోటితో, తన పేరుకి జవాబుగా తెలుగు మాట అనే క్షణం ఎప్పుడొస్తుంది? పద్యం అందరూ కలిసి చెబుతారు. గుణింతం అందరూ కలిసి చదువుతారు. ఒక్కొక్కరే మాట్లాడేది హాజరు పిలిచినప్పుడే.

అది చాలా చిన్న మాట. "ఉన్నానండి." "వచ్చానండి." దానిలో ఎంత వ్యాకరణం ఉందో చూడండి. మన పిల్లలు "నేను వచ్చింది" అంటారు, "అమ్మ వచ్చాడు" అంటారు. నేను అంటే వచ్చాను, అతను అంటే వచ్చాడు, ఆమె అంటే వచ్చింది, వాళ్ళు అంటే వచ్చారు అని బోర్డు మీద నాలుగు గడులు గీసి చెబితే ఆ పూటకి రాసుకుంటారు, పై వారానికి మర్చిపోతారు. అదే ముప్ఫై ఆదివారాలు పేరుకి జవాబుగా "వచ్చానండి" అంటే నాలుకకి అలవాటవుతుంది. పక్కవాడి గురించి అడగండి: "నిహాల్ వచ్చాడా?" "వచ్చాడండి." "శ్రీవల్లి?" "రాలేదండి." అక్కడ ఇంకో సంగతి వాళ్ళే పట్టుకుంటారు. వచ్చాడు, వచ్చింది, వచ్చారు అని మారుతుంది గానీ 'రాలేదు' ఎవరికైనా ఒక్కటే. మా తరగతిలో ఒకమ్మాయి తానంతట తానే కనిపెట్టి, ఈ మాట తేలిగ్గా ఉందని సంబరపడింది.

"ఎందుకు రాలేదు?" అని అడిగితే "జ్వరమొచ్చిందట" అని చెప్పడం నేర్పచ్చు. తాను చూడని సంగతి, ఒకరు చెప్పగా విన్న సంగతి అని ఒక్క 'ట'తో చెప్పేయడం మన భాషలో ఉన్న సుళువు. దాన్ని పాఠ్యపుస్తకంలో నేర్పాలంటే ఒక పేజీ కావాలి. కొంతమంది ఇళ్ళలో 'వచ్చిందంట' అంటారు, కొంతమంది 'వచ్చిండు' అంటారు. పిల్లవాడు ఇంట్లో ఎలా వింటే అలా పలకనివ్వండి. వరంగల్ వాళ్ళ మాట, గుంటూరు వాళ్ళ మాట, కడప వాళ్ళ మాట ఒకే గదిలో పక్కపక్కన వినపడేది కూడా ఈ అయిదు నిమిషాల్లోనే.

చివర్న లెక్క పెట్టించండి. "ఈ రోజు ఎంతమంది వచ్చారు?" మన పిల్లలు "మూడు పిల్లలు రాలేదు" అంటారు. మనుషుల్ని లెక్కపెట్టడానికి తెలుగులో వేరే మాటలున్నాయని వాళ్ళకి తెలిసే అవకాశమే లేదు. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అయిదుగురు, ఆరుగురు, ఏడుగురు, ఆ పైన ఎనిమిదిమంది, తొమ్మిదిమంది. పుస్తకాలు మూడు, పిల్లలు ముగ్గురు. ఈ తేడా చెప్పడానికి ఎదురుగా కూర్చున్న పిల్లల కంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? యంత్రం ఈ పనంతా మన కోసం చేసిపెట్టి, తెర మీద '3' అని చూపిస్తుంది. మనం నేర్పాల్సిన మాటని అది మింగేసింది.

ఒక పిల్లవాడి గురించి చెప్పాలి. చాలా బిడియస్తుడు. ముందటేడు మొదటి మూడు నెలలు వాడు తరగతిలో పలికింది ఒక్కటే మాట, పేరు పిలిచినప్పుడు "ఉన్నానండి" అని. టీచర్ ఆ ఒక్క మాటని పట్టుకుని మెల్లిగా పెంచారు. "ఉన్నావా? ఏం తిని వచ్చావు?" "దోసె తిన్నానండి." సంక్రాంతి కార్యక్రమం నాటికి వాడు నాలుగు వాక్యాలు చెప్పాడు. పోయిన ఏడాది అదే టీచర్‌కి అలాంటి పిల్ల ఇంకొకతె వచ్చింది. ఈసారి స్కానర్ ఉంది. ఆరు వారాలయ్యాక ఆ టీచర్ నాతో అన్న మాట: "ఈ అమ్మాయి గొంతు ఎలా ఉంటుందో నాకింకా తెలీదండీ." ఆ మాట విన్నాకే నేను ఈ సమీక్ష రాయాలనుకున్నాను.

టైం ఎక్కువ పడుతుంది కదా అని మీరు అడగొచ్చు. నిజమే. పదిహేను మంది పిల్లలు, ఒక్కొక్కరికి ఇరవై సెకన్లు అంటే అయిదు నిమిషాలు. ఏడాదికి రెండున్నర గంటలు. అయితే స్కానర్‌తో ఆ టైం మిగులుతుందా? తొంభైమంది పిల్లలు ఒకే స్కానర్ దగ్గర నిలబడి, ఒక్కొక్కరికి ఆరు సెకన్లు అనుకున్నా తొమ్మిది నిమిషాల వరస. చలిలో, వానలో, గుమ్మం బయట. ఆ నిమిషాలు ఎవరికీ ఏ పాఠమూ చెప్పవు.

తలుపు సంగతి

హాజరులో నాకు రెండు వైపులా వాదం కనిపిస్తుంది. తలుపు విషయంలో మాత్రం ఒకే వైపు కనిపిస్తోంది: బార్‌కోడ్‌తో తలుపు తెరిపించడం మానేయాలి.

ఎందుకంటే బార్‌కోడ్ రహస్యం కాదు. కంటికి కనిపించే గీతలు. ఫోటో తీస్తే చాలు, మామూలు ప్రింటర్‌లో అచ్చేస్తే చాలు. కొత్త గీతలు గీసే ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. మన పెద్ద తరగతి పిల్లవాడొకడు స్నేహితుడి కార్డుని పది నిమిషాల్లో తయారుచేసి, తలుపు తెరిచి, నవ్వుతూ వచ్చి నాకే చూపించాడు. వాడు మంచివాడు కాబట్టి చూపించాడు. పైగా సంక్రాంతి ఫోటోల్లో పిల్లలందరి మెడలో కార్డులు స్పష్టంగా కనిపిస్తున్నాయి, ఆ ఫోటోలు మనమే అందరికీ పంపాం. ఇంటి తాళంచెవి ఫోటో తీసి పండగ శుభాకాంక్షలతో పంచినట్టే.

రెండోది, మన అలవాటు. వెనక ఎవరైనా వస్తుంటే తలుపు పట్టుకోవడం మనం పిల్లలకి నేర్పిన మర్యాద. కార్డు తలుపు పనిచేయాలంటే దాన్ని మర్చిపోమని చెప్పాలి. వెనక చంటిపిల్లని ఎత్తుకుని ఒకామె వస్తుంటే ఆమె ముఖం మీద తలుపు వెయ్యమని మీరు మీ అబ్బాయికి చెప్పగలరా? నేను చెప్పలేను. పిల్లలు ఎలాగూ తలుపు పట్టుకున్నారు, ఒక్క కార్డుతో అయిదుగురు లోపలికి వెళ్ళారు.

మూడోది నిప్పు. ఇక్కడి భవన నిబంధనల ప్రకారం, ప్రమాదంలో జనం బయటపడాల్సిన తలుపు లోపలి నుంచి తాళంచెవీ కార్డూ అక్కర్లేకుండా తెరుచుకోవాలి. కరెంటు తాళాల్లో కరెంటు పోతే తెరుచుకునేవి ఉంటాయి, పోయినా బయటివైపు మూసుకునే ఉండేవి ఉంటాయి. ఏ రకమైనా లోపలివాళ్ళకి అడ్డం రాకూడదు. మనం అద్దెకున్న భవనంలో తాళాల జోలికి పోవాలంటే యజమానినీ, ఊరి ఫైర్ మార్షల్ కార్యాలయాన్నీ ముందు అడగాలి. ఫైర్ డ్రిల్ చేసినప్పుడు ఇంకో సంగతి తేలింది. అందరం బయట పచ్చికలో నిలబడ్డాం, పిల్లల జాబితా ఏమో లోపల లాప్‌టాప్‌లో ఉండిపోయింది. ఒక్క టీచర్ చేతిలో మాత్రం పాత అలవాటు కొద్దీ కాగితం ఉంది. లెక్క తేలింది ఆవిడ తరగతి ఒక్కదానిదే.

నాలుగోది చెప్పడానికి బాధగా ఉంది. ఫిబ్రవరిలో వాన పడుతున్న ఒక ఆదివారం, ఒక అమ్మమ్మగారు మనవరాలు మర్చిపోయిన పుస్తకం పట్టుకుని ఆ పక్క తలుపు దగ్గర నిలబడ్డారు. ఆరు నెలల కోసం కూతురి దగ్గరికి వచ్చిన పెద్దావిడ. ఆవిడకి కార్డు లేదు. కార్డులు పిల్లలకీ, నమోదు చేసుకున్న తల్లిదండ్రులకీ మాత్రమే ఇచ్చాం. అద్దం మీద తట్టారు, ఎవరికీ వినపడలేదు. అంతకుముందు ప్రతివారం ఆవిడ వచ్చి వెనక బెంచీలో కూర్చునేవారు, చివరి పది నిమిషాలు పిల్లలకి పొడుపుకథలు వేసేవారు. ఆ ఆదివారం తర్వాత లోపలికి రావడం మానేశారు. తరగతి అయ్యేదాకా కారులో కూర్చుంటున్నారని మూడు వారాలకి గానీ నాకు తెలియలేదు. ఆ భవనం మొత్తంలో అందరికంటే మంచి తెలుగు మాట్లాడే మనిషిని మనం బయట నిలబెట్టాం. ఎవరో అపరిచితులు రాకుండా పెట్టిన తలుపు ఆపింది ఆవిడ ఒక్కరినే.

శాన్ ఆంటోనియో అనుభవం

పెద్ద పెద్ద బడులు కూడా ఇలాంటివి పెట్టుకున్నాయి కదా అని ఒక తండ్రి అడిగారు. మన రాష్ట్రంలోనే జరిగిన ఒకటి చెబుతాను. 2012లో శాన్ ఆంటోనియోలోని నార్త్‌సైడ్ స్కూల్ డిస్ట్రిక్ట్ రెండు బడుల్లో దాదాపు 4,200 మంది విద్యార్థులకి రేడియో చిప్ ఉన్న గుర్తింపు కార్డులు ఇచ్చింది. మనవి గీతల కార్డులు, స్కానర్‌కి చూపించాలి. వాళ్ళవి చూపించకపోయినా భవనంలో ఎక్కడుందో చెప్పే కార్డులు. టెక్సాస్‌లో ప్రభుత్వ బడికి వచ్చే డబ్బు సగటు హాజరు మీద ఆధారపడుతుంది. భవనంలోనే ఉండి, పేరు పిలిచినప్పుడు సీట్లో లేని పిల్లల్ని లెక్కలోకి తెచ్చుకుంటే నిధులు పెరుగుతాయని వాళ్ళ ఆశ. ఒక విద్యార్థిని మత విశ్వాసం కారణంగా కార్డు వేసుకోనంది, వ్యవహారం కోర్టుదాకా వెళ్ళింది, 2013 జనవరిలో తీర్పు డిస్ట్రిక్ట్ పక్షానే వచ్చింది. అయినా ఆ ఏడాదే డిస్ట్రిక్ట్ ఆ పథకాన్ని మానుకుంది. అనుకున్నంత హాజరు పెరగలేదు.

కోర్టులో గెలిచి కూడా వదిలేసుకున్నారు. వాళ్ళకైనా తలకింత అని డబ్బు వచ్చే కారణం ఉంది. మనకి అదీ లేదు. మనం హాజరు ఎందుకు తీసుకుంటున్నాం? పిల్లవాడు క్షేమంగా తరగతిలో ఉన్నాడా అని తెలియడానికి. ఏ పాఠం ఎవరికి తప్పిపోయిందో తెలియడానికి. వరసగా రెండు వారాలు రాకపోతే ఇంటికి ఫోన్ చేసి "అంతా బాగేనా?" అని అడగడానికి. ఈ మూడింటికీ తలెత్తి చూసే మనిషి కావాలి.

ఆ జాబితా ఎవరి చేతిలో ఉంది

ఇంకొక్క మాట. పిల్లల చదువు రికార్డుల గోప్యత గురించి అమెరికాలో 1974 నుంచి ఫెర్పా అనే చట్టం ఉంది. అది కేంద్ర విద్యాశాఖ నిధులు తీసుకునే బడులకి వర్తిస్తుంది. మనలాంటి వాలంటీర్ బడులు సాధారణంగా ఆ నిధులు తీసుకోవు కాబట్టి దాని పరిధిలోకి రావు. చట్టం అడగట్లేదు కదా అని ఊరుకోకూడదు. ఎవరూ అడగని చోటే మన నియమం మనం పెట్టుకోవాలి. పోయిన ఏడాది లాప్‌టాప్‌లో పిల్లల పుట్టినతేదీ, ఇంటి చిరునామా, ఎన్ని గంటలకి వచ్చారు, ఎన్ని గంటలకి వెళ్ళారు అన్నీ ఒకేచోట ఉన్నాయి. ఆ లాప్‌టాప్ వారానికొక వాలంటీర్ ఇంటికి వెళ్ళేది. ఎవరి మీదా అనుమానంతో అనట్లేదు. హాజరుకి పుట్టినతేదీతో పనేమిటి అని మాత్రమే అడుగుతున్నాను.

అయితే స్కానర్ దేనికి

పారేయమని నేను చెప్పను. కొన్ని పనులు అది మనకంటే బాగా చేస్తుంది. ముప్ఫై వారాల లెక్క ఒకేచోట కూడి ఇస్తుంది. తెలుగుకి హైస్కూల్ క్రెడిట్ కోసం దరఖాస్తు చేసుకునే పిల్లలకి ఎన్ని గంటలు హాజరయ్యారని కాగితం ఇవ్వాల్సి వస్తే నిమిషంలో తీస్తుంది. బడి గ్రంథాలయంలో ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో చెప్పడానికి దానికి మించింది లేదు. పుస్తకం ఎటూ పరుగెత్తదు. కమిటీతో మాట్లాడి ఈ ఏడాదికి ఇలా అనుకున్నాం:

1. ప్రతి తరగతిలో టీచర్ పేర్లు పిలుస్తారు, తెలుగులో రాసిన కాగితం చూసి, పిల్లవాడిని ఇంట్లో పిలిచే పేరుతో. జవాబు తెలుగులోనే. మొదటి నెల "ఉన్నానండి", రెండో నెల నుంచి ఒక చిన్న ప్రశ్న కలుపుతారు.

2. ఆ కాగితం మీద ప్రతి పేరు పక్కనా బార్‌కోడ్ ఉంటుంది. తరగతి అయ్యాక వాలంటీర్ వచ్చినవాళ్ళ గీతల్ని స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. పిల్లల మెడలో కార్డు ఉండదు, గుమ్మం దగ్గర వరస ఉండదు.

3. రాని పిల్లల ఇళ్ళకి తరగతి మొదలైన పదిహేను నిమిషాల్లో ఒక వాలంటీర్ ఫోన్ చేస్తారు. యంత్రం సందేశం పంపదు.

4. పక్క తలుపు తాళం తీసేస్తాం. బడి నడిచే సమయంలో ఒకే ప్రధాన ద్వారం నుంచి రాకపోకలు. అక్కడ ఇద్దరు తల్లిదండ్రులు వంతులవారీగా కూర్చుంటారు. మిగతా తలుపులు బయటి నుంచి మూసి ఉంటాయి, లోపలి నుంచి నెడితే తెరుచుకుంటాయి.

5. ఫైర్ డ్రిల్‌లో టీచర్ మొదట తీసుకోవాల్సింది ఆ హాజరు కాగితం. ఏడాదికి రెండు డ్రిల్స్ తప్పనిసరి.

6. కంప్యూటర్‌లో పేరు, స్థాయి, హాజరు మాత్రమే ఉంటాయి. విద్యాసంవత్సరం అయ్యాక, క్రెడిట్ కావాల్సినవాళ్ళవి తప్ప మిగతావి తీసేస్తాం.

తల్లిదండ్రులకి ఒక విన్నపం. నాలుగో అంశం మీ మీదే ఆధారపడి ఉంది. ఏడాదికి ఒక్కో కుటుంబానికి ఒకటో రెండో ఆదివారాలు వస్తాయి. ద్వారం దగ్గర కూర్చున్నప్పుడు ఫోన్ పక్కన పెట్టి, వచ్చే పిల్లల్ని పేరు పెట్టి పలకరించండి. తెలియని పెద్దవాళ్ళు వస్తే "ఎవరి తాలూకండీ?" అని మర్యాదగా అడగండి, ఆ పిల్లవాడి టీచర్‌ని పిలవండి. మన ఊళ్ళలో అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్ళు చేసిన పని ఇదే, వీధిలోకి ఎవరొచ్చారో వాళ్ళకి తెలియకుండా ఉండేది కాదు.

టీచర్లకి ఒక మాట. మొదటి ఆదివారం హాజరు పిలిచేటప్పుడు తొందరపడకండి. పేరు సరిగా పలకండి, పలికింది సరిగానే ఉందా అని పిల్లవాడినే అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. రాకపోతే తలెత్తి చూడండి.

ఆ అమ్మమ్మగారు వేసవిలో ఊరికి వెళ్ళిపోయారు. మళ్ళీ నవంబర్‌లో వస్తారట. వెనక బెంచీ ఖాళీగానే ఉంచాం.